కారం మిషనుకు అప్పు దొరుకుతోంది, కాయ కొనడానికే దొరకడం లేదు

గౌరవనీయులైన రాష్ట్ర ఆహార శుద్ధి శాఖ మంత్రి గారికి,

గుంటూరు చుట్టుపక్కల కారం యూనిట్లు నడిపే మహిళల తరఫున నమస్కారాలు.

డ్వాక్రా ఆడవాళ్లు పారిశ్రామికవేత్తలయ్యారని సభల్లో చెబుతుంటే సంతోషంగానే ఉంటుంది. కానీ ఆ మిషన్లు ఏడాది పొడవునా తిరగాలంటే ఏం కావాలో అడిగేవాళ్లు లేరు.

లెక్క చూడండి. చిన్న ఆహార శుద్ధి యూనిట్లకు సాయం చేసే కేంద్ర పథకం పీఎంఎఫ్‌ఎంఈ కింద డ్వాక్రా సంఘ సభ్యురాలికి మూలధనంగా ఇచ్చేది గరిష్ఠంగా 40 వేలు. పది మందికి 4 లక్షలు. క్వింటాలు మిర్చి 15 వేలనుకుంటే 26 క్వింటాళ్లొస్తాయి. రోజుకు 50 కిలోలు ఆడిస్తే 52 రోజుల్లో సరుకు ఖాళీ. తొడిమలు తీశాక తగ్గే తూకం ఇందులో కలపలేదు. యూనిట్ ఖర్చు మీద 35 శాతం సబ్సిడీ ఉంది కదా అంటారు. అది మూడేళ్లు బ్యాంకులోనే ఉండి అప్పులో సర్దుబాటవుతుంది, చేతికి రాదు.

గుంటూరు మిర్చి యార్డుకు కొత్త కాయ జోరుగా వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకే. మేలో యార్డుకు వేసవి సెలవులు. ఆ తర్వాత ఏసీ కాయే (కోల్డ్ స్టోరేజీలో దాచిన మిర్చి) గతి, నిల్వ పెట్టుకున్నవాళ్లు చెప్పిందే రేటు. అందుకే సీసీ లిమిట్, అంటే సరుకు కొనడానికి బ్యాంకులో అవసరమైనప్పుడు వాడుకునే అప్పు పరిమితి, జనవరి ఆఖరుకే తెరిపించండి. జూన్‌లో మంజూరైతే వడ్డీ కట్టడానికే పనికొస్తుంది. కోల్డ్ స్టోరేజీ బాండు (నిల్వ పెట్టిన సరుకుకు ఇచ్చే రసీదు) మీద వ్యాపారులకు ఇస్తున్నట్టే మహిళా యూనిట్లకూ అప్పు ఇప్పించండి.

ఇంకొకటి, తేమ. కారంలో తేమ 11 శాతం దాటకూడదని ఆహార భద్రతా ప్రమాణం. తూకం కోసం నీళ్లు చల్లిన కాయ ఆడిస్తే పొడి జల్లెడకు అంటుకుంటుంది, మిషను వేడెక్కుతుంది, రంగు నల్లబడుతుంది. ఆ వేడి మీదే ప్యాక్ చేస్తే కవరు లోపల చెమట పట్టి ఉండ కడుతుంది, తర్వాత బూజు. ప్రాజెక్టు రిపోర్టుల్లో ప్యాకింగ్ మిషను తప్పకుండా రాస్తారు (ఫొటోకు బాగుంటుంది), డ్రయ్యరు, తేమ కొలిచే మీటరు మాత్రం మర్చిపోతారు. ఆ రెండూ లేని రిపోర్టు వెనక్కి పంపమని మీ జిల్లా అధికారులకు చెప్పండి.

చివరగా, చిన్న పరిశ్రమలకు నిర్ణీత పరిమితి వరకు హామీ లేకుండా అప్పివ్వాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. అయినా యజమానురాలి దరఖాస్తుకు భర్త సంతకం, మామగారి ఇంటి కాగితాలు అడుగుతూనే ఉన్నారు. ఏ కారణంతో తిరస్కరించారో రాతపూర్వకంగా ఇవ్వమని బ్యాంకర్ల సమావేశంలో గట్టిగా అడగండి. వచ్చే సీజన్‌కు ముందే.

ఇట్లు,
గుంటూరు ప్రాంత కారం యూనిట్ల మహిళా నిర్వాహకులు