గుడ్ ఓమెన్స్ చూడండి
గ్రూప్‌లో పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లందరూ ప్రైమ్‌లో గుడ్ ఓమెన్స్ మొదటి సీజన్ తప్పకుండా చూడండి, ఆరే ఎపిసోడ్లు. 1990లో టెర్రీ ప్రాచెట్, నీల్ గైమన్ కలిసి రాసిన నవల, 2019లో సిరీస్‌గా వచ్చింది. ప్రళయం ముంచుకొస్తుంటే ఒక దేవదూత, ఒక దయ్యం చేతులు కలిపి ఆపాలని చూస్తారు, ఎందుకంటే ఇద్దరికీ ఈ భూమి మీద మమకారం పెరిగిపోయింది. మూడో ఎపిసోడ్ మొదట్లో వాళ్ల వేల ఏళ్ల స్నేహం చూపిస్తారు, నాకైతే సిరీస్ మొత్తానికి అదే ప్రాణం. 1941 లండన్‌లో, చర్చి నేల కాళ్లు కాలుస్తుంటే గెంతుతూ వచ్చిన ఆ దయ్యం క్రౌలీ, బాంబు పడ్డాక శిథిలాల్లోంచి పుస్తకాల సంచీ తీసి దేవదూత చేతిలో పెడతాడు, అప్పుడు దేవదూతగా వేసిన మైకేల్ షీన్ ముఖం చూడండి! ప్రాచెట్ 2015లోనే పోయారు. ఆయన టోపీ, స్కార్ఫ్ సిరీస్‌లో దేవదూత నడిపే పుస్తకాల షాపు సెట్లో తగిలించి ఉంటాయి, ఎవరికి కనిపిస్తే వాళ్లు ఇక్కడ చెప్పండి.