బెల్జియం ఖాళీ గడి కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

సెలవుల్లో పిల్లలతో ‘డిప్లొమసీ’ ఆడుతున్నాను. 1959లో వచ్చిన ఆట, మొదటి ప్రపంచయుద్ధానికి ముందునాటి యూరప్ మ్యాప్ మీద ఆడాలి. మ్యాప్ మీద మొత్తం 34 సరఫరా కేంద్రాలు, అంటే ఎన్ని పట్టుకుంటే అంత సైన్యం నిలుపుకోగల గడులు, ఉంటాయి. వాటిలో 12 బెల్జియం, నార్వే, స్పెయిన్ లాంటి ఎవరి పక్షమూ కాని దేశాలవి, వాటికి సైన్యమే ఉండదు, ముందు ఎవరు అడుగుపెడితే వాళ్లవే. ఆట ఊపందుకోవడానికి అది అవసరమే, ఒప్పుకుంటాను. కానీ 1914 ఆగస్టులో తమ లీజ్ నగరం చుట్టూ ఉన్న కోటల దగ్గర బెల్జియం సైనికులు జర్మన్లను రోజుల తరబడి ఆపారు, జర్మనీ బెల్జియంలోకి చొరబడ్డాకే బ్రిటన్ యుద్ధంలోకి దిగింది. తటస్థ దేశం మీద పడినందుకు చెల్లించాల్సిన ఆ మూల్యం ఆటలో ఏదీ?

రెండో ప్రపంచయుద్ధం మీద వచ్చిన ‘యాక్సిస్ అండ్ అలైస్ గ్లోబల్ 1940’ అనే ఆటలో స్వీడన్, టర్కీ లాంటి పూర్తి తటస్థ దేశాల్లో ఒక్కదాన్ని ముట్టుకుంటే మిగతావన్నీ ఎదుటివాళ్ల వైపు మొగ్గుతాయి. నాకు ఈ పద్ధతే న్యాయంగా అనిపిస్తుంది. మీ పిల్లల పేజీలో ఇలాంటి ఆటల గురించి రాయండి, బెల్జియం కథతో సహా.

— ఒక పాఠకుడు, విజయనగరం