హ్యాండిల్ తిప్పే అద్దానికి రెగ్యులేటర్ ఇవ్వండి, లేదంటే లేదని రాసివ్వండి

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
కస్టమర్ కేర్ విభాగం పెద్దలకు,

విషయం: మీ చిన్న కారు బేసిక్ వేరియంట్‌కు ముందు డోరు అద్దం రెగ్యులేటర్ (హ్యాండిల్ తిప్పితే అద్దాన్ని పైకీ కిందికీ నడిపే భాగం) దొరకకపోవడం, అడిగినవారికి ఎక్కడా జవాబు రాకపోవడం.

అయ్యా,

విశాఖపట్నంలో మీ బేసిక్ కార్లు వాడుతున్నవాళ్లం, గాజువాక ఆటోనగర్‌లో వాటిని బాగుచేసే మెకానిక్‌లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. పార్ట్ పాడైనందుకు మాకు కోపం లేదు. అద్దం రెగ్యులేటర్ ఏళ్ల తరబడి తిరిగితే అరుగుతుంది, సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఇంకాస్త ముందే అరుగుతుంది. మా కోపమంతా మీ మనుషులు మమ్మల్ని ఒక కౌంటర్ నుంచి ఇంకో కౌంటర్‌కి తిప్పిన తీరు మీద. అంతా తిరిగాక కూడా ఆ పార్ట్ ఉందో లేదో ఒక్క ముక్క చెప్పినవారు లేరు.

మొదట సర్వీస్ సెంటర్. అడ్వైజర్ ఛాసిస్ నంబరు కొట్టి, స్క్రీన్ చూసి, "ఈ పార్ట్ రావట్లేదు సార్" అన్నాడు. స్టాకు లేదా, తయారీయే ఆగిందా, దీని బదులు వేరే నంబరు వచ్చిందా అని అడిగితే తెలియదన్నాడు. పార్ట్ నంబరైనా రాసిమ్మంటే బయటికి ఇవ్వకూడదన్నాడు. ఆ నంబరు పాత పార్ట్‌కి అంటించిన స్టిక్కర్ మీదే ఉంటుంది. చెమ్మకి స్టిక్కర్ ఊడిపోయింది కాబట్టే అడిగాం. అందులో దాచాల్సింది ఏముంది?

అక్కణ్ణుంచి స్పేర్స్ కౌంటర్‌కి పంపారు. కౌంటర్‌లో ఉన్నతను జాబ్ కార్డు (బండిని రిపేరుకి చేర్చుకున్నట్టు రాసే కాగితం) ఉంటేనే ఆర్డరు పెడతానన్నాడు. జాబ్ కార్డు తెరవాలంటే బండి లోపల పెట్టాలి. పెడితే పార్ట్ వచ్చేదాకా తీసుకెళ్లకూడదు. పార్ట్ ఎప్పుడొస్తుందంటే చెప్పలేం. ఇదీ వరస. అద్దం డోరులోకి జారిపోయిన బండిని వానాకాలంలో ఆరుబయట, తేదీ చెప్పకుండా వదిలి వెళ్లమన్నారు. సీటు నానుతుంది, ఫ్లోర్ మ్యాట్ కింద నీళ్లు నిలుస్తాయి, నిలిచిన చోట తుప్పు రేకుని తినేస్తుంది. రెగ్యులేటర్ కోసం వెళ్లినవాళ్లు ఫ్లోరు రేకు అతుకు వేయించుకోవాల్సి వస్తుంది. ఇది కార్లు తయారుచేసే కంపెనీ మనుషులకు తెలియని విషయం కాదు.

తర్వాత టోల్ ఫ్రీ నంబరు. తెలుగు కోసం నొక్కి, పాట వినీ వినీ, చివరికి ఒకమ్మాయి పలికింది. అసౌకర్యానికి చింతిస్తున్నామని చదివింది. అద్దం సమస్య అని చెబితే పవర్ విండో స్విచ్ పనిచేస్తోందా అని అడిగింది. పవర్ విండో కాదమ్మా, చేత్తో తిప్పే హ్యాండిల్ అంటే, తన ఫారంలో అలాంటి గడి లేదంది. లేకపోతే మాటల్లో రాయమ్మా అన్నాం. రాసే చోటు లేదంది. ఆఖరికి "పవర్ విండో పనిచేయట్లేదు" అని నమోదు చేసింది. ఆ అమ్మాయిని ఏమీ అనడం లేదు. ఆమె చేతికి ఆ ఫారం ఇచ్చింది మీరు. మీరే తయారుచేసి, మీరే అమ్మి, మీరే బిల్లు ఇచ్చిన కారుకి మీ ఫారంలో గడి లేకుండా చేశారు. మాకు అన్నిటికన్నా ఎక్కువ నొప్పి కలిగించింది ఇదే.

ఆ తర్వాత మెసేజ్ వచ్చింది: ఫిర్యాదు పరిష్కారమైంది, మా సేవకి మార్కులు వేయండి అని. ఎవరూ ఫోన్ చేయలేదు, ఎవరూ బండి చూడలేదు. మళ్లీ తెరవమంటే కొత్త నంబరు ఇచ్చారు. కొత్త నంబరుకి పాత వివరాలు ఉండవట, మళ్లీ మొదటి నుంచి చెప్పాలట. ఈమెయిల్ పెడితే యంత్రం జవాబు వచ్చింది. రీజినల్ ఆఫీసువారు డీలరుతో మాట్లాడమన్నారు. డీలరు మాత్రం అంతా కంపెనీ చేతిలో ఉందన్నాడు. ఇద్దరూ ఒకే కంపెనీ బోర్డు కింద కూర్చుని ఒకరి వైపు ఒకరు చెయ్యి చూపిస్తే మేం ఎవరిని పట్టుకోవాలి?

వీటన్నిటి మధ్యలో ఒకే ఒక్క ఫోన్ మాత్రం మీ వైపు నుంచి తనంతట తానుగా వచ్చింది. షోరూమ్ నుంచి. పాత బండి ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేయండి, కొత్త మోడల్ మీద ఆఫర్ ఉంది అని. అద్దం పోయిందని మేం చెప్పిన సంగతి సర్వీసువాళ్లకి గుర్తులేదు గాని, మా బండి పాతదైందని అమ్మకాలవాళ్లకి గుర్తుంది. ఇంజను బాగుంది, గేర్‌బాక్స్ బాగుంది, ఛాసిస్‌కి తుప్పు లేదు. ఒక రెగ్యులేటర్ కోసం అలాంటి కారుని తుక్కుకి పంపమనడం అన్యాయం.

అడ్వైజర్ ఇంకో సలహా ఇచ్చాడు: పవర్ విండో కిట్ వేయించుకోండి అని. మీ ఇంజనీర్లు ఎవరైనా ఈ లేఖ చదివితే వారి కోసం ఈ సంగతి కాస్త వివరంగా రాస్తున్నాం.

హ్యాండిల్ రెగ్యులేటర్ పాడయ్యే చోట్లు కొన్నే. ప్లాస్టిక్ హ్యాండిల్ లోపలి పళ్లు అరిగి, కడ్డీ మీద ఒట్టినే తిరుగుతుంది. లేదా పళ్ల చక్రం కొస అరిగి అద్దం సగంలో ఆగుతుంది. లేదా అద్దాన్ని ఎత్తే ఇనుప చేయి చివర ఉండే ప్లాస్టిక్ రోలర్ పగిలి అద్దం ధబ్బున కిందికి పడుతుంది. మన ఊళ్లో నాలుగోది కూడా ఉంది: అద్దం అడుగు అంచుని పట్టుకునే ఇనుప పట్టీ తుప్పు పట్టి అద్దాన్ని వదిలేస్తుంది. డోరు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు ఎర్రమట్టితో, బీచ్ ఇసుకతో మూసుకుపోతే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. మేం చూసే బళ్లన్నిటికీ ముందు ఆ రంధ్రాలు సన్నటి తీగతో పొడిచి శుభ్రం చేస్తాం. మీ సర్వీస్ షీటులో ఆ పని ఎక్కడా లేదు, ఉండాలి.

మార్చడం గంటలోపు పని. హ్యాండిల్ వెనక ఒక గుడ్డపీలిక దూర్చి అటూ ఇటూ లాగితే గుర్రపునాడా ఆకారం క్లిప్పు ఊడొస్తుంది. చేతిపిడి స్క్రూలు విప్పి, డోర్ ప్యాడ్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ క్లిప్పులు విరగకుండా లేపాలి. దాని వెనక పల్చటి ప్లాస్టిక్ షీటు నల్లటి జిగురుతో అంటి ఉంటుంది. అది చిరగకుండా ఒక పక్క నుంచి ఒలవాలి. చింపేసి వదిలేస్తే డోరులోకి దిగిన వాననీళ్లు క్యాబిన్‌లోకి వస్తాయి. తర్వాత అద్దం బోల్టులు రంధ్రంలోంచి కనిపించే ఎత్తుకి దించి, వాటిని విప్పి, అద్దాన్ని పైకెత్తి టేపుతో ఫ్రేముకి కట్టాలి. పదో నంబరు స్పానర్‌తో రెగ్యులేటర్ బోల్టులు విప్పి బయటికి తీయాలి. కొత్తదానికి పళ్ల మీద, రోలర్ దారిలో గ్రీజు పూయాలి. అద్దం జారే రబ్బరు గాడికి గ్రీజు పనికిరాదు, దుమ్ము పట్టి ముద్ద కడుతుంది. దానికి సిలికాన్ స్ప్రే వాడాలి. అంతే.

ఇప్పుడు కిట్ సంగతి. ప్రతి డోరుకీ మోటారు, స్విచ్‌లు, డాష్‌బోర్డు నుంచి డోరులోకి వైరింగ్. బేసిక్ వేరియంట్ డోరుకీ, దాన్ని బిగించే నిలువు స్తంభానికీ (పిల్లరు) మధ్య వైర్లు వెళ్లే రబ్బరు గొట్టమే ఉండకపోతే కొత్తగా రేకు తొలవాలి. తొలిచిన అంచుకి పెయింటు ఉండదు, ఉప్పుగాలికి అక్కణ్ణుంచే తుప్పు మొదలవుతుంది. గొట్టం ఉన్నా డోరు తెరిచి మూసిన ప్రతిసారీ వైర్లు వంగి, కొన్నేళ్లకి లోపలే తెగుతాయి. పవర్ విండోలకి సాధారణంగా 20 నుంచి 30 ఆంపియర్ల ఫ్యూజు వాడతారు. ఆ లోడుకి సన్నటి వైరు వేసి, హారన్ లైన్ నుంచో లైటు లైన్ నుంచో కలిపేస్తే వైరు వేడెక్కి తొడుగు కరుగుతుంది, మంట పుట్టే ప్రమాదం ఉంటుంది. స్విచ్‌లోని రాగి బిళ్లలకి ఇక్కడి తేమకి చిలుము పడుతుంది. బీచ్ రోడ్డులోనూ, రుషికొండ వైపూ ఆరుబయట నిలిపే బళ్లకి ఇది మామూలు సంగతి. అద్దాలు దించి ఉండగా మోటారు ఆగిపోయి, వానలో షెడ్డు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఉన్నారు. పల్లపు రోడ్డులో బండి నీళ్లలో చిక్కుకుని కరెంటు షార్టయితే అద్దం దిగదు. చేత్తో తిప్పేది దిగుతుంది. ఈ తేడా తెలిసే చాలామంది బేసిక్ వేరియంటు కావాలని అడిగి మరీ కొన్నారు. డబ్బు తక్కువన్న ఒక్క కారణంతోనే కొన్నారని మీ అమ్మకాలవాళ్లు అనుకుంటే పొరపాటు.

ఈ సంగతి అద్దంతో ఆగదు. ఏసీ నాబ్ వెనక కేబుల్ ఉన్నప్పుడు ఆ కేబుల్ కొస ఊడితే క్లిప్పు బిగించి సరిచేసేవాళ్లం. ఇప్పుడు ఆ చోట చిన్న మోటారు, లోపల ప్లాస్టిక్ పళ్లు. పన్ను విరిగితే డాష్‌బోర్డు వెనక టిక్కు టిక్కుమంటుంది, చల్లగాలి ఒక పక్కే వస్తుంది. దాన్ని చేరాలంటే కొన్ని మోడళ్లలో డాష్‌బోర్డు మొత్తం దింపాలి. మామూలు తాళం చెవి పోతే పూర్ణా మార్కెట్ దగ్గర కోయించుకోవచ్చు. చిప్ ఉన్న చెవికి కోడింగ్ కావాలి, దానికి కంప్యూటర్ కావాలి. పాడేరు ఘాట్ పైన, అరకు వైపు ఊళ్లలో ఉండేవాళ్లకి ఆ కంప్యూటర్ ఎక్కడ దొరుకుతుంది? బండిని కొండ దింపి విశాఖ దాకా లాక్కురావాలి.

చట్టం అడ్డొచ్చి బేసిక్ కారు తీసేశాం అని మీ షోరూమ్‌లో చెబుతున్నారు. అది పూర్తి నిజం కాదు. 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) తప్పనిసరి అయింది. 2019 జూలై 1 నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు హెచ్చరిక, వేగం హెచ్చరిక, రివర్స్ సెన్సర్లు వచ్చాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 అనే పొగ కాలుష్య ప్రమాణం. ఇవన్నీ ప్రాణాలు కాపాడేవి, గాలిని కాపాడేవి. వీటికి అయ్యే ఖర్చు మేం ఇస్తాం, వీటిని తీసేయమని ఎన్నడూ అడగలేదు, అడగం. కానీ ఏ నిబంధనలో పవర్ విండో తప్పనిసరి అని ఉంది? ఏ నిబంధన టచ్ స్క్రీన్ పెట్టమంది? రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్, హ్యాండిల్ అద్దాలు, నాబ్ ఏసీ, మామూలు తాళం. ఈ కారు చట్టప్రకారం తయారుచేయొచ్చు. మీరు చేయడం లేదు, అంతే.

దేశంలో బేసిక్ కార్లు ఎలా పోయాయో మేం చూస్తూనే ఉన్నాం. 1983లో వచ్చిన మారుతి 800, దాని 796 సీసీ ఇంజను, 2014లో ఆగింది. అంబాసిడర్ తయారీ కూడా అదే ఏడు ఆగింది. 2008లో చూపించిన నానో బేసిక్ మోడల్‌కి ఏసీ లేదు, ఒకటే వైపర్, చక్రానికి మూడే బోల్టులు. అదీ పోయింది. ఆ మూడూ మీ కంపెనీవి కావు, వాటి గురించి మిమ్మల్ని అడగడం లేదు. అయినా వాటిలో మొదటి రెండింటికి ఆటోనగర్‌లో ఈరోజుకీ పార్ట్ దొరుకుతుంది. అంతకన్నా చాలా ఆలస్యంగా అమ్మిన మీ కారుకి దొరకదు. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లలోపు, 1200 సీసీలోపు పెట్రోలు కార్లకి జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. చిన్న కారు కొనేవాడికి ప్రభుత్వం పన్ను తగ్గిస్తే, అదే మనిషి ముందు మీరు బేసిక్ వేరియంట్ పేరెత్తడం మానేశారు. దాన్ని తీసేసే ముందు కూడా బ్రోషర్ చివరి గడిలో ఉండేది, షోరూమ్‌లో నిలబెట్టలేదు, టెస్ట్ డ్రైవ్‌కి ఉండేది కాదు, అడిగితే ఆర్డరు మీద వస్తుంది గాని టైము పడుతుందనేవారు. తర్వాత ఎవరూ కొనడం లేదని ఆపేశారు.

మీ బండి మంచిదని పదిమందికి చెప్పి కొనిపించినవాళ్లం మేము. స్టీల్ ప్లాంట్ షిఫ్టులకి వెళ్లేవాళ్లు, సింహాచలం కొండెక్కే పెద్దవాళ్లు, ఆనందపురం నుంచి కూరగాయలు తెచ్చుకునేవాళ్లు మా మాట మీద మీ షోరూమ్ మెట్లెక్కారు. వాళ్లు ఇప్పుడు అద్దం గురించి అడుగుతున్నది మమ్మల్ని. మీ తరఫున మేం మాట పడుతున్నాం.

ఇక మేం కోరేది. ముందు డోర్లు రెండింటి హ్యాండిల్ రెగ్యులేటర్లు, హ్యాండిళ్లు, రోలర్లు, అద్దం అడుగు పట్టీ: వీటి పార్ట్ నంబర్లు, ధర, ఎప్పుడు వస్తాయో తేదీ, రాతపూర్వకంగా ఇవ్వండి. తయారీ ఆగిపోతే ఆగిపోయిందని సంతకంతో రాసివ్వండి, కొలతలు ఇవ్వండి, ఇక్కడే చేయించుకుంటాం. టోల్ ఫ్రీ ఫారంలో మా కారుకి గడి పెట్టండి. బేసిక్ వేరియంట్‌ని మళ్లీ షోరూమ్‌లో నిలబెట్టండి. మీ తరఫున ఈ విషయం తెలిసిన ఒక మనిషి, పార్ట్ అంటే ఏమిటో తెలిసిన మనిషి, మాతో తెలుగులో మాట్లాడాలి.

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు వెళుతుంది. దాని తర్వాత విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళతాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీ ఆఫీసు ఎక్కడున్నా కొనుగోలుదారు ఉండే ఊళ్లోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు విలువకి ఫీజు కూడా లేదు. సొంతానికి కొన్న ప్రతి యజమానీ విడివిడిగా వేస్తారు. జాబ్ కార్డు లేదని ఆర్డరు నిరాకరణ, పరిష్కారమైందన్న మెసేజ్, రీజినల్ ఆఫీసు జవాబు, అన్నిటి కాపీలూ మా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీ వకీలు మా ఊరు రావాలి, ఈ రెగ్యులేటర్ ఎందుకు ఇవ్వలేదో కమిషన్ ముందు చెప్పాలి.

పార్ట్ పంపితే ఇదంతా అక్కర్లేదు. డబ్బు ముందే కడతాం.

ఇట్లు,
మీ బేసిక్ కారు యజమానులు, మెకానిక్‌లు
గాజువాక, విశాఖపట్నం