ఊక లోడుకొచ్చిన లారీ అన్నకు

నాయిన ఇయ్యాల పొద్దున కండ్లు తెరిచి నీళ్లడిగిండు. నాలుగు రోజుల సంది నిద్ర లేదు, రాసుడుల తప్పులుంటే ఏమనుకోకుండ్రి.

అమ్మ, తమ్ముడు, చిన్నాయన ఉండనే ఉన్నరు, వాళ్లకు వేరే చెప్పేదేముంది. ఇది ఆ లారీ అన్న కోసం. అన్నా, నీ పేరు ఎవ్వరూ అడగలేదు, నువ్వూ చెప్పలేదు. సిమెంటు ఫ్యాక్టరీకి ఊక తీస్కపోతందుకు మిర్యాలగూడ మిల్లుకొచ్చినవు, అక్కడి సేఫ్టీ క్లాసుల నేర్చుకున్న అన్నవట, గంతే తెలుసు.

నాయిన కాంటా మీద పడంగనే ఫిట్సనుకొని చేతిల తాళంచెవులు పెట్టబోయిన్రట. మధ్యమధ్యల గురక లెక్క వస్తుంటే ఊపిరి ఉన్నదన్నరట. అది ఎగశ్వాస, గుండె ఆగిందని నువ్వే గుర్తుపట్టినవు. ఒకరితోని 108కు ఫోన్ చేయించినవు, ఇంకొకరిని గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ మిషన్ కోసం ఉరికిచ్చినవు, నువ్వు ఛాతీ నడుమ వత్తుడు మొదలుపెట్టినవు. రెండంగుళాల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. సీసీ కెమెరాల లెక్కబెట్టిన, ఐసీయూ నర్సును చెప్తున్న, ఒక్కటి తప్పలేదు.

మిషన్ ఆఫీసు బీరువాల ఉన్నది. బీరువాకు తాళం. తాళంచెవి ఊర్లె లేని మేనేజర్ జేబుల! పగలగొట్టేసరికి మూడు నిమిషాలు పాయె. సీపీఆర్, అంటే గీ ఛాతీ వత్తుడు గిన చేయకపోతే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతది. దొంగలు ఎత్తుకపోతరని దాచిన్రట. గోడకు, అందరికీ కనవడేటట్టు పెట్టాల్సిన వస్తువది. షాక్ ఇచ్చేతందుకు ఛాతికి అతికిచ్చే ప్యాడ్లల్ల ఇంకో జత మీద తేదీ ఎన్నడో దాటింది. లోపలి జెల్ ఎండితే అవి అతుకవు, ఎవ్వరూ చూడలే.

మూత తియ్యంగనే మిషన్ ఇంగ్లీషుల చెప్పుడు మొదలుపెట్టింది, నువ్వు తెలుగుల అరిచినవు. బనీను చింపితే ఛాతి మీద చెమట, తవుడు దుమ్ము కలిసి పేస్టు లెక్క ఉన్నది. దాని మీదనే అతికిస్తే నడుమ సందు పడి కరెంటు సక్కగ పోదు, తోలు కాలుతది. నువ్వు టువ్వాలతోని రెండుసార్లు తుడిచి, తాయెత్తు పక్కకు జరిపినవు. ఒక ప్యాడ్ కుడి కాలర్ ఎముక కింద, ఇంకోటి ఎడమ చంక కింద పక్కటెముకల మీద.

ఇనుప కాంటా, అందరికీ షాక్ కొడ్తదని హమాలీలు భయపడ్డరు. ప్యాడ్లు ఇనుముకు తాకకుంటే, మనిషిని ఎవ్వరూ ముట్టకుంటే ఏం కాదు. నీళ్లల్ల పడి ఉంటేనే ముందు పక్కకు జరపాలె. మిషన్ గుండెను చూసేటప్పుడు గూడ ముట్టొద్దు, మన కదలికకు లెక్క తప్పుతది. నువ్వు తలకాయ కాడికెల్లి కాళ్ల దాక చూసి, "ఎవ్వరు ముట్టొద్దు!" అని బటన్ నొక్కినవు.

షాక్ కాంగనే నాడి చూసుకుంట కూసోలే, మళ్ల వత్తినవు. రెండు నిమిషాలకు మిషన్ ఇంకోసారి చూసేటాల్లకు నాయిన చెయ్యి కదిలింది. 108 వచ్చిందాక మిషన్ బంద్ చెయ్యలే, ప్యాడ్లు పీకలే. మళ్ల ఆగితే అవే అక్కరకొస్తయి.

అంబులెన్స్ పోయినంక నువ్వు నాయిన చెప్పులు దులిపి ఆఫీసు గడప కాడ జోడిచ్చి పెట్టినవు. కెమెరాల అది చూసి బగ్గ ఏడ్చిన అన్నా.

అయ్యో, మర్చిపోయిన: నువ్వు అలసినప్పుడు రెండు రెండు నిమిషాలు వంతు తీసుకున్న ఇద్దరు హమాలీ అన్నలకు, 108 తమ్ముళ్లకు దండాలు. టువ్వాల ఇచ్చిన చాయ్ హోటల్ అక్కా, అది నా కాడనే ఉన్నది, ఉతికి తెస్త.