గడ్డ తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో వేయించండి: ఆరోగ్య శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను పాథాలజీ ల్యాబులో టెక్నీషియన్‌ని. రొమ్ములో గడ్డ కనిపిస్తే వెంటనే రమ్మని మీ శాఖ శిబిరాల్లో చెబుతోంది, సంతోషం. అయితే రొమ్ము క్యాన్సర్‌లో ప్రాణం మీదికి తెచ్చేవి అక్కడి నుంచి కదిలి ఎముకలకు, ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు చేరే కణాలు. చాలామందిలో వాటికి ఊతం ఒంట్లోని ఈస్ట్రోజెన్ అనే హార్మోనే.

ఈస్ట్రోజెన్ వల్ల ఆ కణాలు పెరుగుతాయన్నది పాత సంగతి. ప్రయోగశాలల్లో మరొకటి కూడా కనిపించింది. హార్మోను తగిలిన కొద్ది నిమిషాలకే కణం పొర కింది యాక్టిన్ అనే ప్రోటీన్ పోగులు సర్దుకుంటాయి, ఒక పక్క అంచు ముందుకు సాగుతుంది, కణం అటు పాకుతుంది. అన్ని ప్రయోగాలూ ఒకే మాట చెప్పలేదు. కొన్నింటిలో ఇదే హార్మోను కదలికను అణచింది కూడా. ఆ తగవు శాస్త్రవేత్తలు తేల్చుకుంటారు. చికిత్స దగ్గర మాత్రం తగవు లేదు. ఈస్ట్రోజెన్ గ్రాహకాలున్న (అంటే కణాల్లో ఆ హార్మోను అతుక్కునే ప్రోటీన్లున్న) క్యాన్సర్‌కు, ఆ హార్మోనును అక్కడ అడ్డుకునే టామోక్సిఫెన్ ఐదేళ్లు వాడితే, 15 ఏళ్లలో ఆ జబ్బుతో చనిపోయే ముప్పు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. కారుచౌక మాత్ర, అత్యవసర ఔషధాల జాతీయ జాబితాలో ఉన్నదే.

ఆ మాత్ర ఎవరికి పనిచేస్తుందో తేల్చేది గ్రాహకాల పరీక్ష. దాన్ని మనమే పాడుచేస్తున్నాం. తీసిన ముక్క గంటలోపు 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో, అంటే ముక్క చెడకుండా కాపాడే ద్రావణంలో పడాలి. కనీసం 6 గంటలు నానాలి, 72 గంటలు దాటకూడదు. మా బల్ల మీదికి వచ్చేవి చూడండి: ఉత్త సెలైన్‌లో వేసినవి, ఇరుకు మూతి మందు సీసాలో కుక్కినవి, శుక్రవారం తీస్తే మంగళవారం చేరినవి. పెద్ద గడ్డను గాటు పెట్టకుండా ముంచితే ఫార్మలిన్ నడిమికి దిగదు, లోపల చెడిపోతుంది. ముక్కతో వచ్చే చీటీ మీద వేళ ఉండదు. అలాంటి ముక్కలో ఉన్న గ్రాహకాలు కూడా లేనట్టే కనిపించవచ్చు. రిపోర్టులో నెగటివ్ అని పడితే ఆమెకు మాత్ర రాయరు!

కాబట్టి ప్రతి ఆపరేషన్ థియేటరుకూ సరైన ఫార్మలిన్, వెడల్పు మూతి డబ్బాలు ఇప్పించండి. ముక్క తీసిన వేళ, ఫార్మలిన్‌లో వేసిన వేళ రాయనిదే చీటీ చెల్లదనండి. గ్రాహకాల పరీక్ష ప్రతి రొమ్ము క్యాన్సర్ రోగికీ ఉచితంగా జరగాలి. టామోక్సిఫెన్ ఊరికి దగ్గరున్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే నెలనెలా దొరకాలి. కూలి మానుకుని, బస్సెక్కి నగరానికి వస్తే తప్ప మాత్ర దొరకదంటే ఐదేళ్లు ఎవరు వాడతారు? ఈ రకం క్యాన్సర్ పదేళ్ల తర్వాత కూడా ఎముకల్లో బయటపడగలదు.

డబ్బాలకు, చీటీలకు కొత్త పథకమేమీ అక్కర్లేదు. మీ శాఖ నుంచి ఒక్క ఉత్తర్వు చాలు.

ఇట్లు,
ఒక పాథాలజీ ల్యాబ్ టెక్నీషియన్