మైకు దొరికితే గాజులేనా?

సంపాదకులు గారికి,

పోయిన వారం జిల్లా పేజీలో మా దగ్గరి సభ వార్త వేశారు. ‘మేమేం గాజులు తొడుక్కుని కూర్చోలేదు’ అని ఒక నాయకుడు అన్న మాటను, ఏదో బ్రహ్మవాక్కు దొరికినట్టు, పెద్దక్షరాల్లో శీర్షిక చేశారు. అవతలి పార్టీ నాయకురాలిని ‘గయ్యాళి’ అన్నది కూడా వదలకుండా అచ్చేశారు. ఎవరైనా ఖండిస్తారేమోనని చూశాను. ఎవరూ లేరు. సభలో ముందు వరుస ఆడవాళ్లు కూడా నవ్వి చప్పట్లు కొట్టారట!

ఎక్కడ నిలబడి అంటున్నాడో ఆ పెద్దమనిషికి తెలుసా? మల్లు స్వరాజ్యం తుపాకీ పట్టి దొరలనూ నిజాం సర్కారునూ ఎదిరించిన ఉమ్మడి నల్లగొండ జిల్లా ఇది. 1978లో, 1983లో ఆమెను తుంగతుర్తి నుంచి అసెంబ్లీకి పంపింది ఇక్కడి జనమే. అదే సాయుధ పోరాటంలో నిలిచిన ఆరుట్ల కమలాదేవి సంగతి వేరే చెప్పాలా? వర్ధంతి రోజు దండ వేసి ఫొటో దిగేదీ ఈ నాయకులే.

సభల వరకే అయితే వదిలేద్దును. మండలాఫీసులకు పోయి చూడండి. ఒంటరి మహిళలకు పింఛను 2017లో మొదలైంది. కాగితం మీద పేరు గౌరవంగానే ఉంది. పిలిచేటప్పుడు మాత్రం ‘ఆ మొగుడిడిసిపెట్టినామెను రమ్మనుండ్రి’. పిల్లలు కలగనామె ‘గొడ్రాలు’, భర్త పోయినామె ‘ముండమోపి’. మా నాయనమ్మలతోనే పోయాయనుకున్న మాటలను కంప్యూటర్ ముందు కూర్చుని అంటున్నారు. అంతా అయ్యాక సర్వర్ డౌన్, రేపు రమ్మంటారు. పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవే కదా అంటారేమో. సంతకం ఆమెది, కుర్చీ ఆయనది. ఆ కథ ఇంకో ఉత్తరంలో రాస్తాను.

ఆడవాళ్ల గురించి కోర్టు రాతల్లో ఏ మాటలు వాడకూడదో, వాటి బదులు ఏం రాయాలో చెబుతూ సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో ఒక పుస్తకమే తెచ్చింది. జడ్జీలకే చెప్పాల్సి వచ్చిన సంగతి మన గుమస్తాలకు పుట్టుకతోనే వచ్చేసిందా? భారతీయ న్యాయ సంహితలో 79వ సెక్షన్ కూడా ఉంది. స్త్రీ మర్యాదను కించపరచాలని అన్న మాటకు మూడేళ్ల దాకా జైలు. ఠాణాకు పోతే ‘గింత మాటకే కేసా అమ్మా, ఇంటికి పో’ అంటారు. సెక్షన్ అంటే గోడకు అంటించే కాగితం అనుకున్నారో ఏమో.

వచ్చే సభలోనూ ఇదే కూత వినపడుతుంది, అందులో అనుమానం లేదు. కనీసం మీరు దాన్ని శీర్షికకు ఎక్కించకండి. వేయక తప్పదంటే వార్త లోపల, చిన్నక్షరాల్లో, అన్నవాడి పేరూ పదవీ రాసి వేయండి. ఆ మాట పడ్డామెను కూడా అడిగి, ఆమె ఏమందో పక్కనే వేయండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, నల్లగొండ