భాష మార్చడానికి ఫార్మాట్ ఎందుకు?

సంపాదకులకు,

వేరే భాషలో ఉన్న విండోస్ కంప్యూటర్ చేతికొస్తే ‘ఫార్మాట్ కొట్టించాల్సిందే’ అంటుంటారు. చాలావాటికి ఆ అవసరమే ఉండదు. ముందు ఎడిషన్, అంటే అది విండోస్‌లో ఏ రకమో చూడాలి. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో డబ్ల్యూ, ఐ, ఎన్, వి, ఇ, ఆర్ అని కొట్టి ఎంటర్ నొక్కితే ఎడిషన్ పేరు కనిపిస్తుంది. అదీ ఆ భాషలోనే ఉంటే ఫోన్‌లోని అనువాద యాప్ తెరిచి కెమెరా పట్టండి.

మామూలు హోమ్, ప్రో అయితే సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌కు వెళ్లి, కావలసిన భాష చేర్చి, సైన్ అవుట్ అయితే చాలు. ఆ తర్వాత కూడా లాగిన్ తెర పాత భాషలోనే ఉండిపోతుంది. భాష మారలేదనుకుని ఇక్కడే చాలామంది ఫార్మాట్‌కు దిగుతారు. కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్, అడ్మినిస్ట్రేటివ్, కాపీ సెట్టింగ్స్ తెరిచి, కింద ఉన్న రెండు గడుల్లో టిక్ పెట్టి రీస్టార్ట్ చేస్తే అదీ మారుతుంది.

‘హోమ్ సింగిల్ లాంగ్వేజ్’ అని ఉంటేనే మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి, అందులోని ఫైళ్లన్నీ చెరిగిపోతాయి. పెన్‌డ్రైవ్‌లోకి విండోస్ సెటప్‌ను ఎక్కించే మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్ ఇప్పుడున్న భాషనే ముందుగా ఎంచి పెడుతుంది. సిఫార్సు చేసిన ఎంపికల దగ్గర టిక్ తీస్తేనే వేరే భాష ఎంచుకోనిస్తుంది. ఆ టిక్ తీయడం మరిచి, అంతా అయ్యాక మళ్లీ పాత భాషే చూసి తల పట్టుకునేవాళ్లెందరో! అదే ఎడిషన్ వేస్తే యాక్టివేషన్ (లైసెన్సు ధ్రువీకరణ) సాధారణంగా దానంతటదే అయిపోతుంది. పాత విండోస్‌లోంచే సెటప్ నడిపినా, భాష మారితే సొంత ఫైళ్లు మాత్రమే ఉంచుకోవచ్చు, ప్రోగ్రాములు పోతాయి.

తెలుగు కావాలనుకునేవారు తెలుగు ఇన్‌స్టాలర్ కోసం వెతకనక్కర్లేదు, అది లేదు. ఇంగ్లిష్ విండోస్ మీదే తెలుగు ప్యాక్ కూర్చుంటుంది.

మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం మొదలుపెట్టేముందు, డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ తాలూకు 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసిపెట్టుకోండి. బూట్ క్రమం (కంప్యూటర్ ముందుగా దేన్నుంచి మొదలవ్వాలన్న వరస) మారిస్తే అది అడగవచ్చు. కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో సెటప్ మధ్యలో డిస్కుల జాబితా ఖాళీగా కనిపిస్తుంది. డిస్క్ పాడైనట్టు కాదు, దాన్ని గుర్తించడానికి సెటప్‌కు కావలసిన ప్రోగ్రాము, అంటే స్టోరేజ్ డ్రైవర్ అందలేదంతే. తయారీదారు వెబ్‌సైట్ నుంచి దాన్ని దించి, విప్పిన ఫోల్డర్‌ను అదే పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే ‘లోడ్ డ్రైవర్’ నొక్కి చూపించవచ్చు.

– ఒక పాఠకుడు